పన్నెండేళ్ళ పిలకాయకి సెలక్షన్లేంది సామీ?

సూటిగా విషయానికొస్తాను. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని నెట్‌లోకి తోలి, ఆరు బంతులు ఆడించి "నువ్వు పనికొస్తావు, నువ్వు పనికిరావు" అని తేల్చే పద్ధతి ఆటని పెంచడం లేదు, తుంచుతోంది. అది ప్రతిభని కొలవదు. పిల్లోడు పుట్టిన నెలని కొలుస్తుంది, మీసం ఎంత తొందరగా మొలిచిందో కొలుస్తుంది, వాళ్ళ నాయన జేబుని కొలుస్తుంది. ఈ మూడూ కలిపి దానికి "టాలెంట్" అని పేరు పెడుతుంది. తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు ఈ కొలత కోసం నెలనెలా ఫీజు కడుతున్నారు. అది చాలదన్నట్టు ఇందులో నెగ్గాలని పిల్లోడి నెత్తినెక్కి కూర్చుంటున్నారు.

ముందే ఒక మాట చెప్పేస్తే మంచిది. నేను కోచ్‌ని కాను, మాజీ ఆటగాణ్ణీ కాను. కోడు రాసుకుని బతికేవాణ్ణి. టెన్నిస్ బంతితో పక్కింటి కిటికీలు పగలగొట్టడం తప్ప క్రికెట్లో నా పేరున రికార్డులేం లేవు. కానీ ఒక కొలత సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చూడటం నా ఉద్యోగం. ఈ కొలతలో బగ్ ఉంది. దాన్నే ఫీచర్ అని చెప్పి అమ్ముతున్నారు. నా గొడవంతా అదే.

క్యాంపు కథ

మా అక్క కొడుక్కి పన్నెండేళ్ళు. తిరుపతిలో ఒక ఎండాకాలం క్యాంపులో చేర్పించారు. ఎండాకాలం అయిపోయింది గానీ క్యాంపు అయిపోలేదు :) "పిల్లోడిలో ఏదో ఉండాది సార్. ఇప్పుడు మానిపిస్తే ఇంక మీ ఇష్టం" అన్నారంట. ఈ మాట విన్న తండ్రి ఎవడూ మానిపించలేడు. నెల ఫీజుకి తోడు "పర్సనల్" అని ఇంకో ఫీజు వచ్చింది. తర్వాత ఇంగ్లీష్ విల్లో బ్యాటు వచ్చింది. కాశ్మీర్ విల్లో పట్టుకుని పోతే సెలక్షన్లలో మొహం కూడా చూడరంట. పొద్దున అయిదింటికి గ్రౌండు, తర్వాత బడి, సాయంత్రం మళ్ళీ గ్రౌండు, రాత్రి హోంవర్కు మీద కునికిపాట్లు. పెద్దవాళ్ళం మనమే ఇట్లాంటి ఉద్యోగం అయితే ఆరు నెలల్లో మానేస్తాం.

ఒకసారి నేను పోయి గంటన్నర కూర్చుని లెక్కపెట్టాను (అలవాటు, ఏం చేస్తాం). ముప్పై మంది పిల్లలు, రెండు నెట్లు. ఆ గంటన్నరలో మావాడి బ్యాటు దాకా వచ్చిన బంతులు పద్దెనిమిది. మిగతా టైమంతా లైన్లో నిలబడటం, బంతులేరుకురావడం. కొండమీద క్యూలో అంతసేపు నిలబడితే చివరికి లడ్డూ అయినా చేతికొస్తుంది. ఏడాదిలో అసలైన మ్యాచ్‌లు ఎన్ని ఆడావురా అంటే నాలుగన్నాడు. అంటే ఏడాదంతా డ్రైవింగ్ స్కూలుకి పోయి నాలుగుసార్లు రోడ్డు మీదికి వచ్చినట్టు.

మా బావ ఇంకో క్యాంపు చూద్దామనుకున్నాడు. "పోండి సార్, మీ ఇష్టం. సెలక్షన్స్ టైములో మాత్రం మమ్మల్ని అడగొద్దు" అని నవ్వుతా చెప్పినారంట. ఆ నవ్వుకి అర్థం తిరుపతోళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే లెటరు కోసం తిరిగే జనాన్ని రోజూ చూసే ఊరు మనది. దేవుడి దగ్గరికే సిఫారసుతో పోయేవాళ్ళకి జిల్లా అండర్-14 జట్టు ఒక లెక్కా?

ఆ క్యాంపు ఏదో చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు. ఎందుకంటే ఇది ఒక క్యాంపు గొడవ కాదు. ఊళ్ళో ఏ తల్లిదండ్రుల్ని కదిపినా పేర్లు మార్చి ఇదే కథ చెప్తారు.

సెప్టెంబర్ ఒకటో తేదీ మహిమ

ఇప్పుడు అసలు బగ్ చూద్దాం. మన దేశంలో బీసీసీఐ వయసు టోర్నమెంట్లకి గీత సెప్టెంబర్ 1. ఆ రోజు పుట్టినవాడూ, తర్వాతి ఏడాది ఆగస్టు 31న పుట్టినవాడూ ఒకే "బ్యాచ్". ఇద్దరికీ మధ్య దాదాపు ఏడాది తేడా. ముప్పై ఏళ్ళవాళ్ళ మధ్య ఏడాది తేడా ఎవరికీ కనిపించదు. పన్నెండేళ్ళప్పుడు అది బతికిన బతుకులో పన్నెండో వంతు. ఎత్తులో, బరువులో, బంతి విసిరే దూరంలో ఆ తేడా గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. దీనికి తోడు పన్నెండు, పదమూడేళ్ళ మగపిల్లల్లో ఒళ్ళు ఎదిగే వేగంలో రెండు మూడేళ్ళ తేడా ఉండటం మామూలే. అంటే కాగితం మీద పదమూడే, కానీ ఒకడి ఒంటికి పదిహేను, ఇంకొకడి ఒంటికి పదకొండున్నర. వీళ్ళిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఆరేసి బంతులు వేయించి "వీడు ఫాస్టు, వాడు వేస్టు" అంటే, అది సెలక్షన్ కాదు, బరువు తూచే కాటా.

దీన్ని కెనడాలో రోజర్ బార్న్‌స్లీ అనే సైకాలజిస్టు 1985లోనే పట్టుకున్నాడు. అక్కడ ఐస్ హాకీకి గీత జనవరి 1. పెద్ద జట్లలో ఉన్నవాళ్ళ పుట్టినరోజులు తీస్తే ఏడాది మొదటి నెలలవాళ్ళే కుప్పలుగా దొరికారు. ఇంతకంటే సరదా కథ బెల్జియంది. అక్కడ కుర్రాళ్ళ ఫుట్‌బాల్‌లో 1997లో గీతని ఆగస్టు 1 నుంచి జనవరి 1కి మార్చారు. మార్చీ మార్చగానే "ప్రతిభ" కూడా ఆగస్టు పిల్లల్ని వదిలేసి జనవరి పిల్లల దగ్గరికి పోయింది! దీని మీద వెర్నర్ హెల్సెన్, ఆయన తోటివాళ్ళు 2000లో ఒక పేపర్ అచ్చేశారు. స్పెక్‌లో ఒక్క లైను మారిస్తే అవుట్‌పుట్ మొత్తం మారిపోయిందంటే, ఆ ప్రోగ్రాం దేన్ని కొలుస్తోందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మన తెలుగువాళ్ళ సంగతి చూద్దామని అండర్-19 ప్రపంచకప్పులు ఆడినవాళ్ళలో నాకు చప్పున గుర్తొచ్చిన పేర్లు అయిదు రాసుకుని పుట్టినరోజులు చూశాను. 2004లో కెప్టెన్ అంబటి రాయుడు: సెప్టెంబర్ 23. 2012లో కప్పు గెలిచిన జట్టులో హనుమ విహారి: అక్టోబర్ 13. 2014లో ఆడిన రికీ భుయ్: సెప్టెంబర్ 29. 2020లో తిలక్ వర్మ: నవంబర్ 8. 2022లో వైస్ కెప్టెన్ షేక్ రషీద్: సెప్టెంబర్ 24. గీత దాటిన 69 రోజుల్లోపే అయిదుగురూ పుట్టారు. అయిదు పేర్లతో థియరీ నిలబడదని నాకూ తెలుసు, ఇది పూర్తి జాబితా కూడా కాదు. వాళ్ళు గొప్ప ఆటగాళ్ళు కారని అసలే అనడం లేదు. నేను అడిగేది ఒకటే. వీళ్ళంత గొప్పగా ఆడగలిగి, జూన్‌లోనో జులైలోనో పుట్టిన పిల్లలు ఏమయ్యారు?

(ముహూర్తం చూసి సిజేరియన్ చేయించుకునే జనం మనం. ఇది చదివి సెప్టెంబర్ 1కి ముహూర్తం పెట్టించుకునేవాళ్ళు తయారవుతారేమో అని నా భయం.)

వయసు దొంగలు, వయసు దొరలు

వయసు మోసం గురించి అందరికీ తెలుసు. బడిలో చేర్చేటప్పుడే "ఒక రెండేళ్ళు తక్కువ రాయించండి, రేపు పనికొస్తాది" అనే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. దీన్ని పట్టుకోవడానికే బీసీసీఐ 2012 నుంచి టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎడమచెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తోంది. 2020 ఆగస్టులో తప్పు ఒప్పుకున్నవాళ్ళని వదిలేస్తామని, దొరికితే రెండేళ్ళు నిషేధమని ఒక పథకం కూడా పెట్టింది.

2015 డిసెంబరులో పటౌడీ స్మారకోపన్యాసంలో రాహుల్ ద్రావిడ్ ఈ జబ్బు గురించే గట్టిగా మాట్లాడాడు. వయసు దాచిన కుర్రాడు జూనియర్ ఆటలో నెగ్గేది ప్రతిభ ఎక్కువై కాకపోవచ్చు, ఒళ్ళూ బలమూ ఎక్కువై నెగ్గుతాడు అన్నది ఆయన మాటల సారాంశం. నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే ఇదే వాదన ఇంకో అడుగు ముందుకు తీసుకుపోండి. దొంగ సర్టిఫికెట్ తెచ్చినవాడికి ఏ లాభం వస్తోందో, సెప్టెంబర్లో పుట్టి తొందరగా ఎదిగిన పిల్లోడికి అదే లాభం చట్టబద్ధంగా వస్తోంది. ఆ పిల్లోడి తప్పేం లేదు. కానీ మొదటిదాన్ని మోసం అని ఎక్స్‌రే తీసే మనం రెండోదాన్ని "న్యాచురల్ టాలెంట్" అని చప్పట్లు కొడుతున్నాం. ఎక్స్‌రే దొంగని పట్టుకుంటుంది గానీ, పొట్టిగా ఉన్నందుకు వెనక్కి పంపిన నిజాయితీపరుడైన పిల్లోణ్ణి తిరిగి పిలవదు.

మావాడి క్యాంపులోనే అట్లాంటి పిల్లోడు ఒకడుండేవాడు. బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. ఎడంచేతి స్పిన్. బంతి చేతిలోంచి బయటపడ్డాక గాల్లో ఒక క్షణం ఆగినట్టుండేది, క్యాంపులో పెద్ద పిల్లలు కూడా వాడికి ముందుకొచ్చి ఆడాలంటే జంకేవాళ్ళు. మనిషి మాత్రం వికెట్లకంటే కాస్త ఎత్తు :( రెండేళ్ళు వరసగా సెలక్షన్లకి పోయాడు. మొదటిసారి నాలుగు బంతులు, రెండోసారి ఆరు. "ఇంకా ఎదగాల" అన్నారంట. ఎదగాలంటే టైమివ్వాలి కదా? ఇవ్వలేదు. వాళ్ళ నాయన ఇంక డబ్బులు పెట్టలేనన్నాడు. పదమూడేళ్ళకి ఆ పిల్లోడు ఆటనుంచి "రిటైర్" అయ్యాడు. కంపెనీ ఇంటర్వ్యూలో మేం తప్పుగా తీసేసినవాడు ఇంకో కంపెనీలో చేరి మాకంటే బాగుపడతాడు. ఈ పిల్లోడికి ఇంకో కంపెనీ ఎక్కడుంది?

డల్లాస్‌లో కూడా ఇదే గోల

ఇదేదో మన ఊరి దరిద్రం అనుకునేరు. డల్లాస్‌లో ఉండే మా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేస్తే వాడి ఏడుపూ ఇదే. అక్కడ సాకర్ క్లబ్బులు. ఏడాదికొకసారి ట్రైఅవుట్లు. ఎనిమిదేళ్ళ పిల్లల్ని కూడా ఏ టీము, బీ టీము అని విడగొడతారు. బీ టీముకి మామూలు కోచ్, ఏ టీముకి మంచి కోచ్. రెండేళ్ళ తర్వాత ఏ టీము పిల్లలు బాగా ఆడుతుంటే "చూశారా, మేం అప్పుడే కనిపెట్టాం" అంటారు. మంచి కోచింగ్ ఎవరికిచ్చారో వాళ్ళు బాగుపడ్డారు, ఇందులో కనిపెట్టిందేముంది?

అక్కడ కూడా గీతలతో ఆటలే. 2017కల్లా వయసు లెక్కని జనవరి 1కి మార్చారు, ఇప్పుడు 2026-27 సీజన్ నుంచి ముఖ్యమైన సంస్థలు మళ్ళీ ఆగస్టు 1కి మారుస్తున్నాయి. మావాడి పిల్ల జనవరిలో పుట్టింది. ఇన్నాళ్ళూ బ్యాచ్‌లో అందరికంటే పెద్దది, ఇకనుంచి మధ్యలోకి పోతుంది. ప్రతిభ రాత్రికి రాత్రి సగానికి పడిపోయిందని మావాడు తల పట్టుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

గెలిచినోడి నాయనే టీవీలో కనిపిస్తాడు

ఇవన్నీ చెప్తే మా బావ దగ్గర మూడు పేర్లు రెడీగా ఉంటాయి.

మొదటిది వైభవ్ సూర్యవంశి. 2025 ఏప్రిల్ 28న పద్నాలుగేళ్ళ పిల్లోడు ఐపీఎల్‌లో 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. ఆ మర్నాటినుంచి పద్నాలుగేళ్ళ కొడుకున్న ప్రతి తండ్రికీ తన పిల్లోడు లేటయిపోయినట్టు అనిపించింది. సామీ, అట్లాంటివాడు దేశం మొత్తానికి ఒక్కడు. లాటరీ తగిలినోణ్ణి చూసి ఇల్లు తాకట్టు పెట్టి టికెట్లు కొంటామా?

రెండోది నితీష్ కుమార్ రెడ్డి. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టినప్పుడు గ్యాలరీలో వాళ్ళ నాన్న ముత్యాలరెడ్డిగారి కళ్ళనీళ్ళు చూసి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. కొడుకు ఆట కోసం ఆయన ఉద్యోగం వదులుకున్నారు. గొప్ప త్యాగం. కానీ కొడుకు కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రుల్లో మనకి టీవీలో కనిపించేది కొడుకు గెలిచినాయనే. మిగతావాళ్ళ ఇంటికి కెమెరా పోదు. ఇంకో సంగతి గమనించండి. నితీష్ 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు, అందులో నాగాలాండ్ మీద 441 ఒకటి. అంతటివాడికి 2022 అండర్-19 ప్రపంచకప్ జట్టులో చోటు రాలేదు. పుట్టింది మే నెలలో. జూనియర్ జట్టులో పేరు లేకపోవడం జాతకం కాదని చెప్పడానికి ఆయనే ఉదాహరణ. మా బావ మాత్రం సగం కథే చెప్తాడు.

మూడో పేరు నేనే ఇస్తాను. శ్రీ చరణి. మన పక్క జిల్లా కడప, ఎర్రమల్లె ఊరు. చిన్నప్పుడు ఖోఖో, బ్యాడ్మింటన్, పరుగు పందేలు. క్రికెట్‌ని గట్టిగా పట్టుకుంది పదహారేళ్ళకి. 2025 నవంబర్ 2న మన ఆడపిల్లలు ప్రపంచకప్ గెలిచిన టోర్నమెంట్లో 14 వికెట్లు, జట్టులో దీప్తి శర్మ తర్వాత ఎక్కువ. పుట్టినరోజు ఆగస్టు 4. అంటే గీత లెక్కలో బ్యాచ్‌లో అందరికంటే చిన్నవాళ్ళలో ఒకతి. పన్నెండేళ్ళప్పుడు ఎవరో "నువ్వు పనికిరావు" అని ముద్ర వేసుంటే? మగపిల్లల్లో ఉన్నంత తొక్కిసలాట ఆడపిల్లల్లో లేకపోవడం వల్ల ఆ ముద్ర నుంచి తప్పించుకునే వీలుంది, అది కూడా ఒప్పుకుంటాను. కానీ పదహారేళ్ళకి మొదలుపెట్టిన పల్లెటూరి పిల్ల అయిదేళ్ళలో ప్రపంచకప్ ఆడగలిగితే, ఎనిమిదేళ్ళకే క్యాంపులో పడేయకపోతే జీవితం పోయినట్టే అనే మాట అబద్ధమని తేలిపోయింది.

"అయితే చిన్నప్పుడు మొదలుపెట్టొద్దా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మొదలుపెట్టండి! ఆడటం వేరు, ఏరడం వేరు. ఆరేళ్ళకే ఆడనివ్వండి. ఏరడం మాత్రం పద్నాలుగు దాటేదాకా ఆపండి అంటున్నాను. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడటంలోనే క్యాంపులవాళ్ళ వ్యాపారం ఉంది.

నార్వేలో 1987 నుంచి పిల్లల ఆటలకి రూల్సున్నాయి, 2007లో వాటికి పిల్లల హక్కులు అని కూడా పేరుపెట్టారు. పిల్లలకి పదకొండేళ్ళు వచ్చే ఏడాది దాకా ర్యాంకులు, పాయింట్ల పట్టికలు ఉండవు. పదమూడు దాకా జాతీయ ఛాంపియన్‌షిప్ లేదు. మరి ఆ దేశం ఆటల్లో వెనకబడిందా? 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 బంగారు పతకాలు, అన్ని దేశాలకంటే ఎక్కువ. జనాభా ఎంత? దాదాపు 55 లక్షలు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభానే 41 లక్షల పైచిలుకు.

"వాళ్ళది డబ్బున్న దేశం, మంచు దేశం" అంటారు. సరే, మంచు లేని చోటికే పోదాం. అనంతపురంలో 1969లో మొదలైన ఆర్డీటీ ఉంది. కరువు జిల్లాలో పేద పిల్లల కోసం మైదానాలు కట్టి ఆటలు నేర్పింది. 2010లో నడాల్ పేరున టెన్నిస్ స్కూలు అక్కడే పెట్టారు, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడి గ్రౌండులోనే జరిగాయి. నాయన జేబు చూడకుండా పిల్లల్ని ఆడించడం రాయలసీమలో కుదరదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నలు

కోచ్‌ని ఎంచుకునేటప్పుడు మనం అడిగేది ఒక్కటే: "మీ దగ్గరనుంచి ఎంతమంది సెలక్టయినారు?" ఇదే తప్పు ప్రశ్న. ఇంటర్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూసి పెరిగినవాళ్ళం కదా, ఆ అలవాటు పోలేదు. బదులుగా ఇవి అడగండి:

1. మా పిల్లోడు ఏడాదిలో ఎన్ని మ్యాచ్‌లు ఆడతాడు? వాటిలో ఎన్నిట్లో బ్యాటింగో బౌలింగో ఖాయంగా దొరుకుతుంది? ఇరవైకి తక్కువ చెప్తే లేచి వచ్చేయండి.

2. ఒక నెట్‌కి ఎంతమంది? మా పిల్లోడికి గంటకి ఎన్ని బంతులు? (నమ్మకండి, కూర్చుని లెక్కపెట్టండి.)

3. రెండేళ్ళ కిందట చేరిన పిల్లల్లో ఎంతమంది ఇంకా వస్తున్నారు? పోయినవాళ్ళు ఎందుకు పోయారు? సెలక్టయినవాళ్ళ ఫోటోలు గోడమీద ఉంటాయి. మానేసినవాళ్ళ లెక్క చెప్పగలిగిన కోచే నిజమైన కోచ్.

4. మీరు ఏ కోర్సు చేశారు? ఎన్‌సీఏ లెవెలా, పాటియాలా డిప్లొమానా? ఏదీ లేకపోయినా మంచి కోచ్ ఉండొచ్చు. కానీ అడిగితే కోపం తెచ్చుకునేవాడు మంచి కోచ్ కాలేడు.

5. పదేళ్ళ పిల్లోడితో వారానికి ఎన్ని ఓవర్లు వేయిస్తారు? బౌలింగ్ ఎక్కువై ఆ వయసులో నడుము దెబ్బతింటే అది ఏళ్ళ తరబడి వదలదు. ఈ ప్రశ్నకి లెక్క చెప్పలేనివాడికి మీ పిల్లోడి వెన్నెముక అప్పగించకండి.

6. వేరే ఆట ఆడితే, వేరే క్యాంపుకి పోతే మీకు అభ్యంతరమా? "అవును" అంటే అది బడి కాదు, బోను.

ఇంకో ప్రశ్న కోచ్‌ని కాదు, పిల్లోణ్ణి అడగాలి. "రేపు క్యాంపు లేదంటే నీకు సంతోషమా, బాధా?" జవాబు నోటితో చెప్పకపోయినా మొహం చెప్తుంది.

అసోసియేషన్లు చేయాల్సింది

తల్లిదండ్రుల్ని మాత్రమే తిడితే న్యాయం కాదు. తలుపు ఒకటే ఉన్నప్పుడు తొక్కిసలాట తప్పదు. జిల్లా జట్టులోకి పదిహేను మందే అంటే, పదహారోవాడి నాయన సిఫారసు వెతుక్కుంటాడు. కాబట్టి తలుపులు పెంచాలి.

మొదటిది, నెట్ ట్రయల్స్ ఎత్తేయండి. మదనపల్లె, పలమనేరు, కుప్పం, పుత్తూరు, శ్రీకాళహస్తి, ఎక్కడి పిల్లలకి అక్కడే ఒక చిన్న లీగు పెట్టండి. తెల్లారకముందే బస్సెక్కి వచ్చి ఆరు బంతులాడి పోయే బాధ తప్పుతుంది, స్కోర్లు కూడా కాగితం మీద ఉంటాయి. రెండోది, అండర్-14లో ఎవర్ని ఎన్నుకున్నా సెప్టెంబర్-ఫిబ్రవరి పిల్లలు సగం, మార్చి-ఆగస్టు పిల్లలు సగం ఉండేట్టు చూడండి. పైసా ఖర్చు లేదు, ఎక్సెల్ షీట్లో ఒక కాలమ్ చాలు. మూడోది, ఎవరెవరు ఎన్ని మ్యాచ్‌లాడారు, ఎన్ని పరుగులు, ఎన్ని వికెట్లు, ఎవరు ఎన్నుకున్నారు అన్నీ నోటీసు బోర్డులో పెట్టండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. పిల్లల దగ్గర ఫీజు తీసుకునే చెయ్యి, పిల్లల పేరు రాసే చెయ్యి ఒకటి కాకూడదు. ఇది నా కోరిక కాదు. సుప్రీంకోర్టు ఒప్పుకున్న లోధా కమిటీ సంస్కరణల మీద 2018లో వచ్చిన బీసీసీఐ రాజ్యాంగంలోనే 38వ నిబంధన ఉంది. ఒకే మనిషి ఒకేసారి రెండు కుర్చీల్లో కూర్చోకూడదని అందులో ఒక జాబితా ఇచ్చారు. సెలక్టర్ కుర్చీ అందులో ఉంది, క్రికెట్ అకాడమీ ఓనర్ కుర్చీ కూడా ఉంది. జాతీయ స్థాయిలో పెద్ద పెద్ద ఆటగాళ్ళకే ఈ నిబంధన కింద నోటీసులిచ్చారు. మరి పన్నెండేళ్ళ పిల్లల దగ్గరికొచ్చేసరికి "మనోడే కదప్పా" అంటే ఎట్లా? ఓనర్ కాకపోయినా, అక్కడ జీతం తీసుకునే కోచ్ అయినా, బామ్మర్ది అయినా అదే న్యాయం వర్తించాలి.

ఇవన్నీ జరిగేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. సెలక్షన్ లిస్టుని చూసి పిల్లోడికి విలువ కట్టడం మానేయడం. లిస్టులో పేరు లేకపోతే ఆ సాయంత్రం ఇంట్లో చావు జరిగినట్టు కూర్చునే నాయనలని చూశాను. పిల్లోడు ఆటని వదిలేసేది సెలక్టర్ వద్దన్నందుకు కాదు, నాయన మొహం చూడలేక. పద్నాలుగు లోపు పిల్లోడికి సెలక్టర్ "నో" అంటే దానర్థం "ఇవాళ్టికి నీ ఒళ్ళు చిన్నది" అని మాత్రమే. ఆ మాట వాడికి తర్జుమా చేసి చెప్పాల్సింది మనమే. చెప్పి, మర్నాడు సాయంత్రం బంతి తీసుకుని వాడితో పాటు మనమూ వీధిలోకి పోవాలి. దానికి ఫీజు లేదు, సిఫారసు లెటరు అసలే అక్కర్లేదు.

తా.క.: "ఇంత చెప్తున్నావు, మరి మీ అక్క కొడుకు మానేశాడా?" అని అడుగుతారని ముందే చెప్తున్నా. ఆట మానలేదు, క్యాంపు మానేశాడు. ఇప్పుడు వీధిలో ఆడతాడు, బడి జట్టులో ఆడతాడు, ఆదివారం మాతో ఆడి మమ్మల్ని అవుట్ చేస్తాడు. వాడు పుట్టింది జులైలో. తొందరేం లేదు.